కోన్ల మధ్య పరుగా, ప్రత్యర్థిని చూసి మలుపా?

ఎటైనా మెరుపులా కదలగల ఆటగాడిని తయారు చేయాలంటే శిక్షకుడి ముందు రెండు దారులు: ముందే తెలిసిన బాటలో, నేలపై గుర్తులుగా పెట్టిన కోన్ల మధ్య పరుగు, లేదా ఎదుటివాడి కదలికను బట్టి మలుపు.

ఖర్చు: మొదటిదానికి కోన్లు, స్టాప్‌వాచ్ చాలు. రెండోదానికి ఒక జోడీ కావాలి, అంతే.

కొలత: 5-10-5 గజాల షటిల్‌లో (ఒక పక్కకు 5 గజాలు, తిరిగి రెండో పక్కకు 10, మళ్లీ మధ్యకు 5 పరుగెత్తడం) పురోగతి సెకన్లలో తెలుస్తుంది. రెండోదానికి అంత తేలికైన లెక్క లేదు.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే. మలుపు ఎటో ముందే తెలిస్తే ఆటగాడు చివరి రెండు మూడు అడుగుల్లో వేగం తగ్గించి, తుంటిని దించి, పాదాన్ని పక్కగా నాటుతాడు. తెలియనప్పుడు ఆ వ్యవధి ఉండదు. మోకాలు లోపలికి వాలితే ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్లపై భారం పెరుగుతుంది. సరిగా ఆగడం రానివాడిని దీనికి పంపడానికి నేను ససేమిరా ఒప్పుకోను.

ఆటకు పొందిక: ప్రత్యర్థి తుంటి కదలికను చూసి దిశను పసిగట్టే నేర్పు కోన్ల మధ్య ఎంత పరుగెత్తినా రాదు.

కొత్తవారికి, గాయం నుంచి కోలుకుంటున్నవారికి కోన్లు. ఒంటికాలిపై దూకి నిలకడగా దిగగలిగి, పోటీలు దగ్గరపడినవారికి ప్రత్యర్థి. కాళ్లలో బలమే చాలకపోతే ఈ రెండింటికన్నా ముందు స్క్వాట్లు, పక్కకు గెంతులు.