వకీలు ఆఫీసులో పేపర్‌లెస్-ఎన్‌జీఎక్స్: కట్టలు వెతకడం వరకే చెబుతాను

డాకర్‌లో ఎలా పెట్టాలి, ఏ స్కానర్ కొనాలి, ఎంత ర్యామ్ కావాలి అనేవి ఇక్కడ రాయడం లేదు, అవి చాలామంది చెప్పేశారు. తెనాలి దగ్గర ఒక వకీలుగారి ఆఫీసులో గుమాస్తాని నేను. మా పని ఎక్కువగా బ్యాంకు లోన్లకి లీగల్ ఒపీనియన్లు, అంటే తాకట్టు పెట్టే భూమి మీద హక్కు సరిగ్గా ఉందో లేదో చూసి రాసివ్వడం. స్కాన్ చేసిన కాగితాలు దాచుకుని వెతుక్కునే సాఫ్ట్‌వేర్ పేపర్‌లెస్-ఎన్‌జీఎక్స్, కొన్నేళ్లుగా అదే వాడుతున్నాం. అందులో నాకు ప్రాణం లేచొచ్చేది ఒక్కటే, దాని కోసమే మిగతా చికాకులన్నీ భరిస్తున్నాను. ఒక కాగితం దొరికితే చాలు, ఆ కట్టలో, అంటే అదే పొలం తాలూకు మిగతా కాగితాలన్నీ రెండు క్లిక్కుల్లో కళ్లముందుకొస్తాయి.

ఇందులో ఏముంది, ఫోల్డర్‌లో పెట్టుకుంటే సరిపోదా అనేవాళ్లు భూమి కాగితాలు ఎప్పుడూ చూసి ఉండరు. ఒకే పొలానికి చెందిన కాగితాల్లో ఒకే మాట ఉండాలని ఎక్కడా లేదు. పాత దస్తావేజు చేతిరాత, స్టాంపు పేపరు మీద సిరా కూడా వెలిసిపోయి ఉంటుంది. ఓసీఆర్ చేసే, అంటే స్కాన్ బొమ్మలోంచి అక్షరాలు చదివే టెస్సరాక్ట్‌కి అచ్చు తెలుగు ఓ మోస్తరుగా వస్తుంది కానీ దస్తావేజు లేఖరి గొలుసుకట్టు రాత దానికి గీతలతో సమానం, కాబట్టి ఆ కాగితంలో వెతకడానికి అక్షరమే ఉండదు. రీసర్వే అయిన ఊళ్లలో ఇంకో తంటా: కొత్త పాస్‌బుక్‌లో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్శిల్ మ్యాప్) నంబరు ఉంటుంది, పాత డాక్యుమెంట్లన్నిటిలో సర్వే నంబరు. రెండూ ఒకే చేను. ఇక విల్లు సంగతి సరేసరి, "నా స్వార్జితమైన స్థిరాస్తి యావత్తు" అని ఒక్క ముక్కలో తేల్చేసిన విల్లులు ఎన్నో ఉంటాయి, సర్వే నంబరు ఊసే ఉండదు. ఈ కాగితాలన్నీ ఒక పొలానివే అని ఏ సెర్చ్ ఇంజనుకి తెలుస్తుంది చెప్పండి. కట్ట కట్టిన మనిషికే తెలుస్తుంది.

దీనికి ముందు ఒక కంపెనీ వాళ్ల డాక్యుమెంట్ సాఫ్ట్‌వేర్ వాడాం, పేరు చెప్పను. పార్టీ పేరు మీద ఫోల్డరు, అందులో సబ్ ఫోల్డరు, అలా. చూడ్డానికి శుభ్రంగానే ఉండేది. సర్వే నంబరు కొడితే ఆ నంబరు అచ్చయి ఉన్న కాగితాలు వరసగా వచ్చేవి, ఏది ఏ ఫోల్డర్‌లోదో తెలియాలంటే ఒక్కొక్కటీ తెరిచి పైకెక్కి చూసుకోవాలి. పైగా అన్నదమ్ముల పంపకాల దస్తావేజు నలుగురి ఫోల్డర్లలోనూ ఉండాలి కాబట్టి నాలుగు కాపీలు, ఒకదానిలో నోటు రాస్తే మిగతా మూడింటికీ తెలియదు. సరే, అక్కడితో ఆగినా బాగుండేది. రెన్యువల్ డబ్బులు పెంచేశారని మానేద్దామనుకున్నప్పుడు మా ఫైళ్లు మాకు తిరిగిచ్చారు, ఎలాగంటే అన్నీ ఒకే గుంటలో పోసి, పేర్లన్నీ అంకెలుగా మార్చి. ఏ కాగితం ఏ ఫోల్డర్‌లో ఉండేదో ఆ వివరం మటుకు రాలేదు. ఫోన్ చేస్తే "మీ పీడీఎఫ్‌లన్నీ వచ్చాయి కదండీ" అన్నాడు అవతలి కుర్రాడు. వచ్చాయి నాయనా, పెళ్లివారంతా వచ్చారు, ఎవరు ఏ ఇంటివాళ్లో తెలియదంతే.

అలాంటి స్థితిలో సార్‌గారి మేనల్లుడు వచ్చి పేపర్‌లెస్ పెట్టాడు. ఇందులో ఫోల్డర్లు ఉండవనగానే నాకు టెన్షన్ పట్టుకుంది. ట్యాగులు (కాగితానికి తగిలించే చీటీలు), కరస్పాండెంట్ (పంపినవాళ్ల పేరు), డాక్యుమెంట్ టైపు, స్టోరేజ్ పాత్ (ఫైలు డిస్కులో ఉండే చోటు) ఉంటాయి, 2023 చివర్లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి కస్టమ్ ఫీల్డులు (మనమే పెట్టుకునే గడులు) కూడా. కట్టకి ఏది వాడాలనేది ఎవరూ చెప్పరు, అదే అసలు ప్రశ్న. స్టోరేజ్ పాత్ ఒక కాగితానికి ఒకటే పెట్టగలం, పంపకాల దస్తావేజు దగ్గర మళ్లీ పాత కథే. కస్టమ్ ఫీల్డులో కట్ట నంబరు రాసుకుంటే బాగానే ఉంటుంది, దాన్ని పట్టి ఫిల్టర్ కూడా చేయొచ్చు, కానీ ప్రతిసారీ ఫిల్టర్ కట్టుకోవాలి. ట్యాగ్ అయితే జాబితాలో దాని మీద నొక్కితే చాలు. పైగా ఒక కాగితానికి ఎన్ని ట్యాగులైనా పెట్టొచ్చు. అందుకని ఒక్కో కట్టకి ఒక్కో ట్యాగ్ పెట్టాం. పంపకాల దస్తావేజు ఒకటే ఉంటుంది, నాలుగు ట్యాగులు తగిలించుకుని. అదే ఫైలు మళ్లీ ఎక్కించబోతే డూప్లికేట్ అని వెనక్కి కొడుతుంది, అది కూడా మంచికే.

ఇప్పుడు అసలు విషయం. ఆమధ్య ఒకాయన బ్యాంకు నుంచి లెటర్ పట్టుకుని వచ్చాడు. వాళ్ల నాన్నగారు పోయారు, ఈయన ఒక్కడే కొడుకు, అమ్మ అంతకుముందే పోయింది. పాస్‌బుక్ ఈయన పేరు మీదకి మారిపోయింది, ఎల్‌పీఎం నంబరుతో. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఈయన పేరొక్కటే. ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) చూస్తే నాన్నగారు కొన్న దస్తావేజు ఒక్కటే ఉంది, దాని మీద అప్పుగానీ తాకట్టుగానీ లేదు. "ఈసీ క్లీన్‌గా ఉంది కదండీ, సాయంత్రానికి రాసిచ్చేయండి" అన్నాడు. నిజానికి ఆ కాగితాలు చూసి ఎవరైనా రాసిచ్చేస్తారు.

నేను అలవాటుకొద్దీ ఆయన ఈసీలో ఉన్న పాత సర్వే నంబరు కొట్టాను. మా దగ్గర ఎప్పుడో తీసిన ఇంకో ఈసీ తగిలింది. కంప్యూటర్ ప్రింటు కాబట్టి దాని అక్షరాలు సరిగ్గా పడ్డాయి. దాని పక్కన కట్ట ట్యాగ్ ఉంది, నొక్కాను. ఇక్కడొక మెలిక ఉంది, కొత్తవాళ్లు తికమక పడతారు: వెతికిన నంబరు పెట్టెలో అలాగే ఉంచి ట్యాగ్ నొక్కితే రెండూ కలిసిన కాగితాలే చూపిస్తుంది, అంటే మళ్లీ ఆ ఈసీ ఒక్కటే. నంబరు చెరిపేసి ట్యాగ్ ఒక్కటే ఉంచాలి. చెరిపాను. ఈసీ, చేతిరాత దస్తావేజు, పన్ను రసీదులు, వాటితో పాటు ఒక విల్లు.

పెద్దాయన చాలా ఏళ్ల కింద మా ఆఫీసులోనే రాయించి రిజిస్టర్ చేయించిన విల్లు అది, చేతిరాత, ఓసీఆర్‌లో పిసరంత కూడా పడలేదు. సర్వే నంబరు లేదు, "డొంక పక్క మాగాణి" అని ఉందంతే. అందులో ఎకరం, చనిపోయిన తన తమ్ముడి భార్యకి రాశాడు. ఆవిడ పేరు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఎందుకుంటుంది? ఈసీలోనూ ఉండదు, ఎందుకంటే రిజిస్ట్రేషన్ ఆఫీసులో స్థిరాస్తి దస్తావేజులు ఎక్కేది 1వ బుక్కులో, విల్లులు ఎక్కేది 3వ బుక్కులో, ఈసీ తీసేది 1వ బుక్కు నుంచి. ఈసీ క్లీన్ అంటే అర్థం 1వ బుక్కు క్లీన్ అని మాత్రమే. ఇది వకీళ్లకి కొత్త సంగతేం కాదు, కానీ విల్లు ఉందన్న అనుమానమే రాకపోతే ఎవరు వెళ్లి అడుగుతారు?

సార్‌కి చూపిస్తే కళ్లజోడు సర్దుకుని, "మన బీరువాలో ఉన్నది చూపించి రాయకూడదయ్యా, డెత్ సర్టిఫికెట్ పెట్టి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి అప్లయి చెయ్యమను" అన్నారు. రాసినాయన బతికుండగా ఆయనకీ ఆయన ఏజెంటుకీ తప్ప ఇవ్వరు, పోయాక అడిగినవాళ్లకి ఇస్తారు. కాపీ వచ్చింది, తర్వాత విల్లు రద్దు చేసినట్టు ఏమీ దొరకలేదు. ఆ కొడుకు మొదట మొహం మాడ్చుకున్నాడు గానీ, పిన్నిగారు ఆ ఎకరం సంగతి ఊరందరికీ ముందే చెప్పుకుందట. చివరికి ఆ ఎకరం వదిలేసి మిగతా విస్తీర్ణం మీదే లోను రాయించుకున్నాడు. పాత సాఫ్ట్‌వేర్‌లో అయితే ఆ విల్లు పెద్దాయన పేరున్న ఏదో ఫోల్డర్‌లో ఉండేది, సర్వే నంబరు కొట్టి ఆ ఈసీ ఒక్కటే చూసిన నాకు అటు చూడాలన్న ఆలోచనే వచ్చేది కాదు.

అప్పట్నుంచి ఆఫీసుకి వచ్చిన ప్రతి జూనియర్‌కీ ఇది చెబుతున్నాను. అయితే చెప్పాక కొన్ని మాటలు చేర్చాల్సి వస్తోంది.

విల్లు దొరికింది సాఫ్ట్‌వేర్ తెలివి వల్ల కాదు, పాత కట్టలన్నీ విప్పి కూర్చుని చేత్తో ట్యాగులు పెట్టడం వల్ల. పేపర్‌లెస్‌లో ఆటో అని ఒక పద్ధతి ఉంది, మనం పెట్టినవి చూసి నేర్చుకుని తనే ట్యాగ్ పెడుతుంది. కరెంటు బిల్లుకీ బ్యాంకు స్టేట్‌మెంట్‌కీ బాగా పనిచేస్తుంది. కాగితంలో అక్షరం పడకపోతే అది మాత్రం ఏం చూసి నేర్చుకుంటుంది? ఏ కాగితాలకైతే కట్ట అత్యవసరమో సరిగ్గా వాటి దగ్గరే అది చేతులెత్తేస్తుంది. ఇంకా, కట్టకో ట్యాగ్ అనేసరికి ట్యాగుల జాబితా చాంతాడంత అయింది. ఈమధ్య ట్యాగు కింద ట్యాగు పెట్టుకునే వీలు ఇచ్చారు కాబట్టి ఊరు పైన, కట్ట కింద పెడుతున్నాం, కొంత నయం.

తెలుగు మాటతో వెతికేటప్పుడు అడ్వాన్స్‌డ్ సెర్చ్ జోలికి మేం వెళ్లం, టైటిల్, కంటెంట్ అని ఉన్న మామూలు పెట్టెలోనే కొడతాం, అక్షరాలు వరసగా కలిస్తే అది పట్టుకుంటుంది. దానికీ ఒక తలనొప్పి ఉంది: 112/2 అని కొడితే 112/20, 112/21 కూడా వచ్చేస్తాయి.

నాకు నిజంగా లోటు అనిపించేది వేరే. కట్ట అనేది మన బుర్రలో ఉంది, ట్యాగ్ రూపంలో ఉంది, కానీ సాఫ్ట్‌వేర్ దృష్టిలో ఉన్నవన్నీ విడివిడి కాగితాలే. ఈసీ ఉండి లింక్ డాక్యుమెంట్ (అంతకుముందు హక్కు ఎలా వచ్చిందో చూపే పాత దస్తావేజు) లేని కట్టలేవో చూపించు అని అడగలేను. విల్లు ఉన్న కట్టల్లో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కూడా ఉన్నవి ఏవి అన్నా అంతే. రెండు షరతులూ ఒకే కాగితంలో కలవాలి దానికి, ఒకటి ఈ కాగితంలో ఇంకొకటి పక్క కాగితంలో ఉంటే కుదరదు. ప్రభుత్వ ఆఫీసుల్లో వాడే ఈ-ఆఫీస్‌లో ఫైలు అనేదే మొదలు, ఉత్తరాలూ నోట్లూ దానిలోకి చేరతాయి. ఇక్కడ అది తలకిందులు. డాక్యుమెంట్ లింక్ అనే ఫీల్డు ఉంది, దీన్ని దానికి కలిపితే అటునుంచి ఇటు కూడా తనే కలుస్తుంది, విల్లుకీ దస్తావేజుకీ అది పెట్టుకున్నాం. బాగుంది, కానీ పదీ పదిహేను కాగితాల కట్టకి ఒక్కొక్కదాన్ని కలుపుతూ కూర్చునే ఓపిక నాకు లేదు.

ఇంకొక మంచి మాట చెప్పి తీరాలి. ఎక్స్‌పోర్ట్ చేస్తే ఫైళ్లతో పాటు ఏ కాగితానికి ఏ ట్యాగ్, ఏ లింకు అనేది కూడా ఒక మేనిఫెస్ట్ ఫైల్లో బయటికి వస్తుంది. పాత కంపెనీతో పడ్డ బాధ తర్వాత నెలాఖరున అది తీసి వేరే డిస్కులో పెట్టడం నా డ్యూటీ అయింది.

మరి మీరు పెట్టుకోవాలా అంటే చెప్పలేను. మాది చిన్న ఆఫీసు, పాడైతే బాగుచేసే మేనల్లుడు ఫోన్ దూరంలో ఉన్నాడు, పాత కట్టలు ఎవరివో ఎరిగిన మనిషిని నేనున్నాను. ఇరవైమంది కూర్చునే చోట, గుమాస్తాలు ఏడాదికొకరు మారిపోయే చోట ఇది ఇంతే బాగా నడుస్తుందని హామీ ఇవ్వను. పెట్టుకుంటే మాత్రం ట్యాగ్ పేరు ఊరితో మొదలుపెట్టండి, పార్టీ పేరుతో వద్దు. పార్టీలు మారిపోతుంటారు, సర్వే నంబరు కూడా మారిపోతోంది, ఊరు మాత్రం ఇంకా అలాగే ఉంది.