ఆ గేమ్‌కి డబ్బు కట్టబోతున్నవాళ్ళు ఆగండి

పేరు రాయను. రాస్తే పోస్టు లేపించేస్తారు. ఆ పిక్సెల్ ఆర్ట్ ఆర్పీజీ (ఒక పాత్రగా మారి కథలో ఆడే గేమ్), లైట్‌హౌస్ లోగో అంటే ఇక్కడ సగం మందికి అర్థమైపోతుంది. వాళ్ళు ఇప్పుడు 'లేట్ ప్లెడ్జ్' (క్యాంపెయిన్ ముగిశాక కూడా డబ్బు తీసుకోవడం) అని మళ్ళీ వసూళ్ళు మొదలుపెట్టారు. ఒళ్ళు మండి, నిద్రపట్టక ఇది రాస్తున్నా.

గొడవ క్లుప్తంగా ఇదీ. 2022లో గేమ్ చేయడానికి జనం దగ్గర ముందే డబ్బు పోగేసే క్యాంపెయిన్ పెట్టారు, ఏడాదిన్నరలో గేమ్ చేతిలో పెడతామన్నారు. ఎంత కడితే ఏమిస్తారో చెప్పే టైర్లలో, గేమ్ క్రెడిట్స్‌లో పేరు వేసే టైర్ తీసుకున్నా. అవును, పేరు పిచ్చి. ఫారెక్స్ ఛార్జీలతో కలిపి ఏడు వేలు దాటింది. అది చాలదన్నట్టు మా పిన్ని కొడుకుతోనూ కట్టించా. వాడు ఇంటర్న్‌షిప్ స్టైపెండ్‌లోంచి తీసి పెట్టాడు. ఇప్పుడు ఏ ఫంక్షన్‌లో కనపడినా "అన్నా, గేమ్ ఎంతవరకు వచ్చింది?" అని అడుగుతాడు. వెటకారం కాదు, నిజంగానే అడుగుతాడు. అదే ఎక్కువ మండుతుంది.

తర్వాత ఏం జరిగిందో మీకూ తెలుసు. రిలీజ్ తేదీ వాయిదా పడింది, మళ్ళీ పడింది. అప్‌డేట్ అంటే ఒక చెట్టు బొమ్మ. ఒక నెల ఆకుపచ్చ చెట్టు, ఇంకో నెల అదే చెట్టు ఎర్రగా. ఆడటానికి ఒక్క లెవెల్ లేదు కానీ, ఆర్కెస్ట్రా సంగీతం, కన్సోల్ పోర్టు, జపనీస్ డబ్బింగ్ అంటూ స్ట్రెచ్ గోల్స్ (డబ్బు ఎక్కువొస్తే ఇస్తామనే అదనాలు) మాత్రం బారెడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

అదంతా ఓర్చుకున్నా. మొన్న రాత్రి జరిగింది మాత్రం మింగుడు పడటం లేదు. డిస్కార్డ్ చాట్ యాప్‌లో బ్యాకర్ల (డబ్బు కట్టినవాళ్ళ) ఛానెల్ ఉంటుంది కదా, అందులో చాలా మర్యాదగా ఒక్క మెసేజ్ పెట్టా. "ఆడి చూడగలిగే బిల్డ్ ఏదైనా ఈ ఏడాది వస్తుందా? లేకపోతే రీఫండ్ ఎలా అడగాలి?" అంతే. కింద మరో పదిమంది థంబ్ కొట్టారు. స్టూడియో ఓనర్ పేరు పక్కన చుక్కలు ఆడుతున్నాయి, టైప్ చేస్తున్నాడు. ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. అంతసేపు ఆలోచిస్తున్నాడంటే లెక్కలు చెబుతాడేమో అనుకున్నా. వచ్చిన జవాబు ఇదీ: "నువ్వు గేమ్ కొనలేదు బ్రో, ఒక కలకి అండగా నిలిచావు. అది అర్థం కాకపోతే నీకు మా గేమ్ అవసరం లేదు." చివర్లో ఒక హార్ట్ ఎమోజీ కూడా.

"సరే, ఆ కలకి మేమిచ్చిన డబ్బులో ఎంత మిగిలింది?" అని అడిగా. నా మెసేజ్ మాయం. ఒక్క క్షణం తర్వాత ఎడమ పక్కన ఉండే లైట్‌హౌస్ ఐకాన్ కూడా మాయం. బ్యాన్. తమ్ముడు ఇంకా లోపలే ఉన్నాడు కాబట్టి స్క్రీన్‌షాట్ పంపాడు. నన్ను గెంటేశాక అక్కడ పెట్టిన మెసేజ్: "కాస్త నెగెటివిటీ ఊడ్చేశాం", పక్కన చీపురు బొమ్మ. ఏడు వేలు కట్టి చెత్తనయ్యానన్నమాట.

కట్టిన డబ్బు బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించుకుందామని తెల్లారగానే ఫోన్ చేశా. "సార్, ఈ ట్రాన్సాక్షన్‌కి డిస్ప్యూట్ గడువు ఎప్పుడో అయిపోయింది" అన్నారు. అప్పుడు వెలిగింది. "ఇంకొన్ని వారాల్లో" అంటూ వచ్చిన ప్రతి అప్‌డేట్ ఆ గడువునే తినేసింది. ఆ చెట్టు బొమ్మలు చూసి లైకులు కొట్టింది ఎవరు? నేనే.

ఎందుకు నమ్మామంటే, మంచి ఉదాహరణలు ఉన్నాయి మరి. అండర్‌టేల్ 2013లో అయిదు వేల డాలర్లు అడిగి యాభై వేలు దాటించుకుని, 2015లో వచ్చేసింది. హాలో నైట్ కూడా 2014 చివర్లో జనం డబ్బుతోనే మొదలై 2017లో వచ్చింది. కానీ అండర్‌టేల్ వాళ్ళు డబ్బు అడిగినప్పుడే ఆడుకోవడానికి డెమో చేతిలో పెట్టారు. మనవాళ్ళు పెట్టింది ట్రైలర్.

పెద్ద పేర్లున్నా గ్యారంటీ లేదు. సైఫై రచయిత నీల్ స్టీఫెన్‌సన్ కత్తియుద్ధాల గేమ్ 'క్లాంగ్' 2012లో అయిదు లక్షల డాలర్లు పైనే తెచ్చుకుని 2014లో ఆగిపోయింది. యూట్యూబ్‌లో పేరున్న యోగ్‌స్కాస్ట్ వాళ్ళ గేమ్ 'యోగ్‌వెంచర్స్'కీ 2012లోనే అయిదు లక్షలు దాటి వచ్చాయి, అదీ 2014లోనే రద్దయింది. డైనోసార్ల గేమ్ 'ది స్టాంపింగ్ ల్యాండ్' 2013లో లక్ష డాలర్లు పైనే తీసుకుంది, ఏడాది తిరిగేసరికి డెవలపర్ చప్పుడు లేకుండా పోయాడు. వాళ్ళలో ఎవరూ చీపురు బొమ్మ పెట్టినట్టు మాత్రం నేను వినలేదు.

ఇలాంటి క్యాంపెయిన్లు నడిపే సైట్ కిక్‌స్టార్టర్ అయితే 'మాది దుకాణం కాదు' అని 2012లోనే చెప్పేసింది. క్యాంపెయిన్ ముగిశాక రీఫండ్ తను ఇవ్వదు, క్రియేటర్‌నే అడుక్కోవాలి. పూర్తి చేయలేకపోతే డబ్బు ఎలా ఖర్చయిందో చెప్పి, మిగిలింది తిరిగి ఇవ్వజూపాలని దాని నిబంధనల్లో ఉంది. నేను అడిగింది కూడా సరిగ్గా అదే కదా!

సలహా అంటారా, డెమో లేనిదానికి రూపాయి పెట్టకండి. గేములు అమ్మే స్టీమ్‌లో ఎర్లీ యాక్సెస్‌కి (పూర్తికాకముందే ఆడటానికి అమ్మే దశకి) వచ్చిందాకా ఆగితే, కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. ఈ వారం లేట్ ప్లెడ్జ్ కట్టేసినవాళ్ళు ఉంటే, స్టూడియోకి ఒక మెయిల్ కొట్టి, ఆ జవాబు కోసం ఎదురుచూడకుండా ఇవాళే బ్యాంకుకి ఫోన్ చేసి, డిస్ప్యూట్ వేయడానికి ఆఖరి తేదీ ఏదో కనుక్కోండి. డిస్కార్డ్‌లో మాత్రం ఏమీ అడగకండి, ముందు స్క్రీన్‌షాట్లన్నీ తీసి పెట్టుకోండి. నా చాట్ మొత్తం బ్యాన్‌తోనే పోయింది.