తాజాలో రెండు రాత్రులు: గాలి ద్వారం, చిక్కుడు గింజల పప్పు, ఆరొందల టాక్సీ

ముందే చెప్పేస్తున్నా, మొరాకోలో తాజా అనే ఊరు వెళ్ళే ఆలోచన ఉంటే హోటల్ కౌంటర్లో మాత్రం టాక్సీ మాట్లాడించుకోకండి. వచ్చి నెల దాటింది, నాకింకా కడుపు మండుతూనే ఉంది. ఊరి మీద కాదండోయ్, ఆ కౌంటర్లో కూర్చున్న మనిషి మీద. ఊరు మాత్రం బంగారం.

మా మరిది కాసాబ్లాంకాలో పనిచేస్తాడు, జనవరిలో నేనూ మా ఆయనా అత్తయ్యా కలిసి పన్నెండు రోజులకి వెళ్ళాం. కాసాబ్లాంకా, రబాత్, ఫెస్ అన్నీ సాఫీగా జరిగిపోయాయి, వాటి గురించి రాసేవాళ్ళు బోలెడు మంది ఉన్నారు. తాజా మా ఆయన పట్టు. ఆయనకి చిన్నప్పట్నించీ అట్లాసు పిచ్చి, మ్యాప్ తెరిచి "చూడు, పైన రిఫ్ కొండలు, కింద మిడిల్ అట్లాస్ కొండలు, మధ్యలో సన్నటి సందు, ఆ సందులో ఈ ఊరు, అటు అల్జీరియా వైపు నుంచి ఎవడొచ్చినా ఇటు ఫెస్ వైపు నుంచి ఎవడెళ్ళినా ఇక్కడ ఆగాల్సిందే" అని రెండ్రోజులు చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. మేం తప్ప అందరూ ఆగకుండా వెళ్ళిపోతున్నారని మాత్రం రైల్లో తెలిసింది, మా పెట్టెలో తాజాలో దిగిన బయటివాళ్ళం మేం ముగ్గురమే.

ఫెస్ నుంచి రైలు సుమారు రెండు గంటలు, సెకండ్ క్లాస్ మనిషికి 47 దిర్హంలు పడింది (మేం వెళ్ళినప్పుడు దిర్హం తొమ్మిది రూపాయల లోపే ఉంది, లెక్కకి తొమ్మిది వేసుకోండి). ఫెస్ దాటాక ఈ లైనుకి కరెంటు తీగలుండవు, డీజిల్ ఇంజినే. ఎడంవైపు కిటికీ పట్టుకోండి, ఇనావెన్ నది మీద కట్టిన ఇద్రిస్ వన్ డ్యాం నీళ్ళు చాలాసేపు కనిపిస్తూ పోతాయి. ఆ తర్వాత ఆలివ్ తోటలు, ఎర్ర నేల, రెండు వైపులా కొండలు మెల్లగా దగ్గరికొస్తాయి. శబరిమల రైల్లో కోయంబత్తూరు దాటాక పాలక్కాడ్ దగ్గర కొండలు పక్కకి జరిగి దారిచ్చినట్టు ఉంటుంది చూడండి, అచ్చం అలాగే. కాకపోతే ఇక్కడ చెట్టూ చేమా తక్కువ, గాలి ఎక్కువ.

ఇక హోటల్. తాజా రెండు ముక్కలుగా ఉంటుంది, గుట్ట మీద కోటగోడల్లో పాత ఊరు, అంటే మదీనా, కింద 1914 తర్వాత ఫ్రెంచివాళ్ళు కట్టిన కొత్త ఊరు, మధ్యలో రెండు కిలోమీటర్ల రోడ్డు. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు కదా అని మేం కింద కొత్త ఊర్లోనే దిగాం. పేరు రాయను. డబుల్ రూమ్ రాత్రికి 320, అదనపు మంచం 80, రెండు రాత్రులకి మొత్తం 800 ముందే కట్టమన్నాడు, కట్టేశాం. అదే మా తప్పు. రూములోకి వెళ్ళి చూస్తే కుళాయిలో వేణ్ణీళ్ళు రావు. అడిగితే సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదే అన్నాడు, ఏడుకి తిప్పితే గోరువెచ్చగా కూడా లేవు, ఎనిమిదిన్నరకి వెళ్ళి అడిగితే గ్యాస్ బండ అయిపోయింది రేపు అన్నాడు. జనవరిలో ఆ కనుమలో చలి ఎముకల్లోకి దూరుతుంది, బయట గాలి ఈలలేస్తూ ఉంది, అత్తయ్య స్వెట్టరూ శాలువా రెండు దుప్పట్లూ కప్పుకుని కూడా వణుకుతోంది. హీటర్ కావాలంటే రాత్రికి 50. పొద్దున్నే ఇంకోటి, మనిషికి రాత్రికి 20 చొప్పున ట్యాక్స్ అంట, ముగ్గురికి రెండు రాత్రులకి 120. టూరిస్ట్ ట్యాక్స్ అనేది మొరాకోలో నిజంగానే ఉంది, ఫెస్‌లో కూడా కట్టాం, కానీ అక్కడ బిల్లులో రాసిచ్చారు. ఇక్కడ రసీదు అడిగితే ప్రింటర్ పనిచెయ్యట్లేదన్నాడు. చేత్తో రాసివ్వమంటే భాష అర్థంకానట్టు మొహం పెట్టాడు, అప్పటిదాకా అన్నీ అర్థమయ్యాయి మరి! మా ఆయన గొడవ ఇష్టంలేని మనిషి, "పోనీలే" అని జేబులోంచి తీసిచ్చేశారు, ఆ పూటంతా నేను ఆయనతో మాట్లాడలేదు.

ఆ పొద్దున మమ్మల్ని బతికించింది మాత్రం మదీనాలో ఒక చిన్న కొట్టు. పెటీ టాక్సీలో, అంటే ఊళ్ళోనే తిరిగే చిన్న టాక్సీలో, పైకెళ్ళి (మీటర్ మీద 9 దిర్హంలు, పది ఇస్తే చిల్లర వెతికి మరీ ఇచ్చాడు ఆ డ్రైవరు) పెద్ద మసీదు వైపు పోయే సందులో నడుస్తుంటే వెల్లుల్లి వాసన. నాలుగు బల్లలు, గోడ పక్కన పొయ్యి మీద పెద్ద గిన్నె. బిసారా అంటారు, ఎండబెట్టిన పెద్ద చిక్కుడు గింజల పప్పుని వెల్లుల్లి వేసి మెత్తగా ఉడికించి ఎనిపేస్తారు. అత్తయ్య శాకాహారి, ఫెస్‌లో నాలుగు రోజులూ రొట్టె, ఆలివ్ కాయలు, మరిది ఇంటి నుంచి తెచ్చుకున్న మాగాయతోనే గడిపింది. ఆ ముసలాయన మట్టి గిన్నెలో రెండు గరిటెలు పోసి, గరిటె వీపుతో మధ్యలో చిన్న గుంట చేసి, ప్లాస్టిక్ సీసాలోంచి ఆకుపచ్చటి ఆలివ్ నూనె ఆ గుంట నిండి పక్కలకి జారేదాకా పోసి, పైన జీలకర్ర పొడి చిటికెడు, కారం చిటికెడు చల్లి అత్తయ్య ముందు పెట్టి "ఎల్ హజ్జా" అన్నాడు, పెద్దావిడని గౌరవంగా పిలిచే మాట అది. అప్పుడే కాల్చిన గుండ్రటి రొట్టె తుంపి ముంచి నోట్లో పెట్టుకోగానే అత్తయ్య మొహం చూడాలి. "ఒసేయ్ ఇది ముద్దపప్పే, నెయ్యి బదులు ఈ నూనె" అంది. ఇంకో గిన్నె అడిగింది. అత్తయ్య ఇంకోసారి వడ్డించుకోవడం ఆ ట్రిప్పులో అదే మొదటిసారి. గిన్నె 8 దిర్హంలు, పుదీనా టీ 6, మొత్తం ముగ్గురికీ 50 లోపే అయింది. చిక్కుడు గింజలు పడనివాళ్ళు కొందరుంటారు కాబట్టి అలాంటివాళ్ళు జాగ్రత్త, మిగతావాళ్ళు పొద్దున తొమ్మిదిలోపే వెళ్ళండి, తర్వాత గిన్నె ఖాళీ.

అక్కణ్ణించి ఊరి పెద్ద మసీదు. అల్మొహాద్ వంశపు రాజు అబ్ద్ అల్ మూమిన్ 1142లో మొదలుపెట్టించాడు, అల్మొహాద్‌లు కట్టినవాటిలో ఇప్పటికీ నిలిచున్న అతి పాత మసీదుల్లో ఒకటి. మర్రాకేష్‌లోని పేరున్న కుతుబియా మసీదు కంటే ముందుది. అప్పటికి అతని చేతిలో మర్రాకేష్ కూడా లేదు, ముందు ఈ కనుమని పట్టుకుని గోడలు కట్టి ఆ తర్వాత మిగతా రాజ్యం మీద పడ్డాడు. తర్వాత రాజ్యానికొచ్చిన మరీనిద్ వంశంవాళ్ళు 1290ల్లో మసీదుని పెద్దది చేసి, లోపల 514 దీపాల కంచు దీపస్తబకం వేలాడదీశారు, బరువు మూడు టన్నులపైనే. ఎంత చూడాలనుకున్నానో. కానీ మొరాకోలో ముస్లింలు కానివాళ్ళకి మామూలు మసీదుల్లోకి ప్రవేశం లేదు, కాసాబ్లాంకా హసన్ టూ మసీదు లాంటి ఒకటి రెండు తప్ప. నేను మొహం మాడ్చుకుని గుమ్మం దగ్గర నిలబడితే అత్తయ్యే సర్దిచెప్పింది, "పూరీ జగన్నాథుడి గుళ్ళోకి మనవాళ్ళు అందర్నీ రానిస్తున్నారా, వాళ్ళ ఆచారం వాళ్ళది" అని. నిజమే. అయినా 514 దీపాలు అన్న అంకె నన్ను ఇంకా వదల్లేదు.

మసీదు దాటి కొంచెం నడిస్తే బాబ్ ఎర్ రిహ్, అంటే గాలి ద్వారం. ఆ పేరు ఎందుకు పెట్టారో అక్కడ నిలబడిన అర నిమిషంలో తెలిసిపోతుంది, నా చున్నీ ఎగిరి మా ఆయన మొహానికి చుట్టుకుంది. తాజాకి ఎందుకు వెళ్ళాలి అంటే నా జవాబు ఈ ద్వారమే. ఒక పక్క రిఫ్ వైపు ఎర్రెర్రటి గుట్టలు, ఇంకో పక్క నల్లగా జెబెల్ తజెక్కా, 1980 మీటర్లు, మధ్యలో కింద లోయ. అందులోంచే రైలు పట్టాలు, పాత రోడ్డు, 2011లో పూర్తయిన ఫెస్-ఉజ్దా మోటార్‌వే పోతున్నాయి. ఇక్కడి వాననీళ్ళు ఇనావెన్‌లో కలిసి పడమటికి, అట్లాంటిక్ వైపు పోతాయి. కాస్త తూర్పుకి జరిగితే అదే వాన మ్సూన్ వాగు పట్టుకుని ములూయా నదిలోకి, అక్కణ్ణించి మధ్యధరా సముద్రంలోకి. పడమటి నుంచి వచ్చే మబ్బులు చాలావరకు ఇక్కడే కురిసేస్తాయి, అందుకే ఇటు ఆలివ్ తోటలు, అటు గెర్సిఫ్ వైపు పోయేకొద్దీ ఎండిన మైదానం. ఇదంతా మా ఆయన రెండ్రోజులు చెప్పినా బుర్రకెక్కలేదు, అక్కడ నిలబడి చూస్తే ఒక్కసారిగా అర్థమైంది. ఆయనకి మాత్రం ప్రాణం లేచొచ్చినట్టైంది, పొద్దుటి 120 దిర్హంల గొడవ నేను కూడా అక్కడే వదిలేశా.

ఆ సందులోంచి ఎవరెవరు రాలేదు! మొదట మిక్నాసా అనే బెర్బర్ తెగవాళ్ళ స్థావరం. ఇప్పుడు రాజ్యం చేస్తున్న అలావీ వంశంలో మౌలాయ్ రషీద్ కూడా ముందు తాజాని చేతిలో పెట్టుకునే 1666లో ఫెస్ తీసుకున్నాడు. అంతకు ముందు అల్జీరియాలో తుర్కులు కూర్చున్నప్పుడు వాళ్ళకి భయపడి సాదీ వంశపు సుల్తాన్ అహ్మద్ అల్ మన్సూర్ కాలంలో ఇక్కడ బురుజు కట్టారు, గోడల మూలన ఇప్పటికీ ఉంది. 1902లో ఇంకా విచిత్రం, ఆడగాడిద మీద తిరుగుతాడు కాబట్టి బూ హ్మారా అని పేరుపడ్డ ఒకతను, నేనే సుల్తాన్ గారి అన్నని అని చెప్పుకుని ఈ ఊర్లోనే తనని సుల్తాన్‌గా ప్రకటించుకున్నాడు. అసలు సుల్తాన్ సైన్యాలకి ఏడేళ్ళు దొరకలేదు, 1909లో పట్టుకుని బోనులో పెట్టి ఫెస్‌లో ఊరేగించి చంపేశారు. చివరికి 1914 మే నెలలో అల్జీరియా వైపు నుంచి ఒక ఫ్రెంచి దండు, ఫెస్ వైపు నుంచి ఇంకో దండు వచ్చి ఇక్కడే చేతులు కలిపాయి. అయినా చుట్టూ కొండల్లోవాళ్ళు తర్వాత పన్నెండేళ్ళ పాటు లొంగలేదు. 1955 అక్టోబర్‌లో మళ్ళీ ఫ్రెంచివాళ్ళ మీద, స్వాతంత్ర్యం కోసం పోరాడిన మొరాకో విముక్తి సైన్యం తుపాకులు పేల్చింది కూడా తాజాకి ఉత్తరాన ఉన్న అక్నూల్, బూరెద్ కొండల్లోనే. ఇంత చరిత్ర ఉన్న ద్వారం దగ్గర ఆ పొద్దున మేం ముగ్గురం, ఒక పిల్లి, గోడకి ఆనుకుని ఎండ కాచుకుంటున్న ఇద్దరు ముసలాళ్ళు, అంతే. టికెట్ కూడా లేదు.

ఇప్పుడు టాక్సీ సంగతి. ఊరికి ఇరవై రెండు కిలోమీటర్ల దూరంలో ఫ్రియువాతో గుహ ఉంది, 1934లో నార్బెర్ కాస్తెరే అనే ఫ్రెంచి గుహాన్వేషకుడు దిగి చూసినది, పైన ఆకాశానికి తెరుచుకున్న పెద్ద బావి, అందులోకి ఐదొందలకి పైగా మెట్లు. బొర్రా గుహలు చూసినప్పటి నుంచీ నాకు గుహలంటే ఆశ. హోటల్ కౌంటర్లో అడిగితే గ్రాండ్ టాక్సీ, అంటే ఊరు దాటి పోయే పెద్ద టాక్సీ, మొత్తం మనకే, వెళ్ళి రావడానికి 600, డబ్బు తన చేతికే ఇవ్వాలన్నాడు. గుహ తెరిచి ఉంటుందా అని ట్రాన్స్‌లేటర్ యాప్‌లో రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ తల ఊపాడు. ఘాట్ రోడ్డు మలుపుల్లో అత్తయ్యకి కడుపులో తిప్పింది, మధ్యలో ఆపి నిమ్మకాయ వాసన చూపించాం. తీరా వెళ్తే గేటుకి తాళం. తుప్పు పట్టిన తాళం. పక్కన మేకలు మేపుతున్న అబ్బాయి చెయ్యి అడ్డంగా ఊపాడు, చాలా రోజులుగా మూసే ఉందంట.

డ్రైవరు పాపం తల పట్టుకున్నాడు. ఆయనకి కాస్త స్పానిష్ వచ్చు, మా ఆయన ఫోన్లో భాష మార్చి మాట్లాడితే తేలిందేంటంటే ఆయన చేతికి ఇచ్చింది 350, మిగతా 250 కౌంటర్ మనిషి జేబులో. గుహ మూసుందని తను ఆ మనిషికి చెప్పాడంట కూడా. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, డబ్బు కోసం కాదు, అరవై ఎనిమిదేళ్ళ మనిషిని ఆ మలుపుల్లో తిప్పించాడు కదా అని. కానీ ఆ డ్రైవరు మమ్మల్ని అలా వెనక్కి తీసుకురాలేదు. పైసా అదనంగా అడగకుండా బాబ్ బూ ఇదిర్ దాకా పైకి తీసుకెళ్ళాడు, తజెక్కా నేషనల్ పార్క్ అది, దేవదారు చెట్ల కోసం 1950లో పెట్టారు. ఓక్ చెట్ల కింద అక్కడక్కడా మంచు, మనిషి అలికిడి లేదు. అత్తయ్య మంచు ముట్టుకోవడం జీవితంలో అదే మొదటిసారి. గుప్పెట్లోకి తీసుకుని కరిగేదాకా పట్టుకుని నిలబడింది, చెయ్యి మొద్దుబారుతుంది వదిలెయ్యమన్నా వదల్లేదు. దిగాక ఆయనకి 100 చేతిలో పెట్టాం, వద్దు వద్దన్నాడు.

మీరు వెళ్తే నేరుగా గ్రాండ్ టాక్సీల స్టాండుకి వెళ్ళి బండి మొత్తం మాట్లాడుకోండి, 350కి ఒక్క దిర్హం ఎక్కువ ఇవ్వకండి, గుహ తెరిచారో లేదో మదీనాలో ఇద్దరు ముగ్గుర్ని అడిగి కదలండి. రూము డబ్బు ఏ రాత్రికారాత్రి కట్టండి, వేణ్ణీళ్ళు చేత్తో ముట్టుకుని చూశాకే. రెండు రాత్రులు అక్కర్లేదు, ఒకటి చాలు, పొద్దున బిసారా తిని గాలి ద్వారం చూసి మధ్యాహ్నం కొండకెళ్ళి మర్నాడు రైలెక్కేయొచ్చు.

వచ్చేరోజు పొద్దున్నే అత్తయ్య మళ్ళీ ఆ కొట్టుకే పట్టుబట్టింది. డబ్బాలో మాగాయ ముక్క తీసుకెళ్ళి ఆ ముసలాయనకి రుచి చూపించింది, ఆయన కళ్ళు మూసుకుని నవ్వి, రెండో ముక్క అడిగి తీసుకున్నాడు. ఆ సీసాలో నూనె లీటరు 100 దిర్హంలకి కొన్నాం, మూతకి మూడు చుట్లు టేపు వేసి చెక్-ఇన్ సూట్‌కేసులో చీరల మధ్య పెట్టాను. చుక్క కారకుండా హైదరాబాద్ చేరింది. ఇప్పుడు సగం అయిపోయింది, అత్తయ్య పప్పులోకి చెంచాతో కొలిచి వేసుకుంటోంది.