రిపోర్టులో ఇంగ్లీషు మాటలు: ఫోన్‌లో వెతకాలా, డాక్టర్‌ని అడగాలా?

మా అమ్మ స్కానింగ్ రిపోర్టులో లివర్ ఎదురుగా ‘అన్‌రిమార్కబుల్’ అని ఉంది. ఫోన్‌లో కొడితే ‘చెప్పుకోదగ్గది కాదు’ అని వచ్చింది, అది చూసి లివర్ పాడైందేమోనని ఆవిడ ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు. తీరా దాని అర్థం, తేడా ఏమీ కనిపించలేదు, బాగానే ఉంది అని!

ఖర్చు: ఫోన్‌కి పైసా అక్కర్లేదు. డాక్టర్‌కి ఫీజు కట్టాలి, అయితే కొన్ని చోట్ల కొద్ది రోజుల్లోపు రిపోర్టు చూపిస్తే మళ్లీ తీసుకోరు, ముందే కనుక్కోండి.

శ్రమ: ఫోన్‌లో నిమిషం పని. ఆసుపత్రిలో అయితే వంతు వచ్చేదాకా కూర్చోవాలి.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. ‘అక్యూట్’ అంటే డిక్షనరీలో తీవ్రమైన, పదునైన అని ఉంటుంది, వైద్యంలో ముఖ్యంగా హఠాత్తుగా మొదలైనది అని. ‘క్రానిక్’ అంటే ముదిరిపోయిందని కాదు, చాలాకాలంగా ఉన్నదని. ‘నెగెటివ్’ అంటే ఆ టెస్టులో వెతికినది కనిపించలేదని, చాలాసార్లు అది మంచి కబురే.

‘అపెండిసైటిస్’, ‘అపెండెక్టమీ’ లాంటి పేర్లకి ఫోన్ చాలు: మొదటిది అపెండిక్స్ వాపు, రెండోది దాన్ని కోసి తీసేయడం. కానీ రిపోర్టు చివర ‘ఇంప్రెషన్’ (అంటే స్కానింగ్ చూసిన డాక్టర్ అభిప్రాయం) కింద రాసిన నాలుగు లైన్లు మాత్రం, ముఖ్యంగా అక్కడ ‘సజెస్టివ్ ఆఫ్’ (ఫలానాది కావచ్చు, ఖాయం కాదు) అని ఉంటే, డాక్టర్ నోటివెంటే వినండి.