అపెండిక్స్ తీయించుకోవాలా, మందులతో చూడాలా: ఏది మేలు?

అపెండిసైటిస్‌ని మనవాళ్లు ఇరవైనాలుగు గంటల నొప్పి అంటారు. భయమంతా ఆ పేరులోనే ఉంది, రోజు దాటితే పగిలిపోతుంది, వెంటనే కోసెయ్యాలి అని. అన్ని కేసుల్లోనూ అంత తొందర అక్కర్లేదు. పగలకుండా, చీముగడ్డ కట్టకుండా ఉన్న మామూలు అపెండిసైటిస్ అయితే 24 గంటల్లోపు ఆపరేషన్ ఎప్పుడు చేసినా ఫలితంలో పెద్ద తేడా రాదు. కొందరికి అసలు కొయ్యకుండానే యాంటీబయాటిక్స్‌తో తగ్గిస్తున్నారు కూడా. అంటే ఇప్పుడు దారులు మూడు: కోత పెట్టి తీసెయ్యడం, ల్యాపరోస్కోపీలో చిన్న రంధ్రాల్లోంచి తీసెయ్యడం, మందులు వాడి చూడడం.

ఒకటి ముందే చెప్పాలి. ఇదంతా స్కాన్‌లో ఇంకా పగల్లేదని తేలిన పెద్దవాళ్ల సంగతి. కడుపంతా చెక్కలా బిగుసుకుపోయి, ఒళ్లు కాలిపోతూ, గుండె దడదడలాడుతుంటే ఏది మేలు అని చదువుతూ కూర్చునే టైం కాదది. గర్భిణులది, చిన్నపిల్లలది వేరే లెక్క.

కోత, రంధ్రాల తగువు త్వరగా తేల్చేద్దాం. 1980లో జర్మనీలోని కీల్‌లో కుర్ట్ జెమ్ అనే గైనకాలజిస్టు మొదటిసారి ల్యాపరోస్కోపీతో అపెండిక్స్ తీస్తే సర్జన్లు మండిపడ్డారు, ఇప్పుడు చాలాచోట్ల అదే మామూలు పద్ధతి. బొడ్డు దగ్గర ఒక రంధ్రం, ఇంకో రెండు చిన్నవి, కడుపులోకి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ నింపి లోపల చోటు చేసుకుని కెమెరాతో చూస్తూ తీస్తారు. నాకూ ఇలాగే తీశారు. మర్నాడు కడుపు సంగతి ఎలా ఉన్నా కుడి భుజం లాగేస్తోంది, ఏదో నరం తెగిందేమోనని టెన్షన్ పడి నర్సుని అడిగితే, "అది గ్యాస్ అండీ, లేచి నాలుగడుగులు నడవండి, పోతుంది" అంది. ఆ గ్యాస్ ఛాతీకీ కడుపుకీ మధ్య అడ్డంగా ఉండే కండరం డయాఫ్రమ్‌ని రెచ్చగొడుతుంది, అక్కడి నరమూ భుజం నుంచి వచ్చే నరాలూ వెన్నుపాములో ఒకే చోట చేరతాయి కాబట్టి మెదడు పొరబడి భుజం నొప్పి అనుకుంటుంది. రెండు రోజుల్లో నిజంగానే పోయింది.

నొప్పి తక్కువ, ఇంటికి త్వరగా వెళ్లొచ్చు, కుట్ల దగ్గర చీము పట్టడం తక్కువ. ఇంతవరకు ల్యాపరోస్కోపీదే పైచేయి. కానీ పెద్దవాళ్ల మీద చేసిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, కడుపు లోపల చీముగడ్డ కట్టడం మాత్రం ల్యాపరోస్కోపీలోనే కాస్త ఎక్కువగా కనిపించింది. ఈ రెండు చీములూ ఒకటి కావు. పైన పడితే కంటికి కనిపిస్తుంది, ఒకటి రెండు కుట్లు విప్పి శుభ్రం చేసి రోజూ కట్టు మారుస్తారు, చిరాకే గానీ ప్రమాదం తక్కువ. లోపల పడితే బయటికి ఏమీ తెలియదు, ఇంటికెళ్లాక మళ్లీ జ్వరం, మళ్లీ స్కాన్, అవసరమైతే గొట్టం వేసి తోడడం.

అందుకే కాంప్లికేషన్ రేటు ఇంత అని ఒక్క అంకె చెబితే నమ్మి ఊరుకోకూడదు, ఏ రకం కాంప్లికేషనో అడగాలి. సర్జన్లు దీనికి 2004 నుంచి క్లావియన్-డిండో అనే మెట్ల లెక్క వాడుతున్నారు. మంచం దగ్గరే సరిచేయగలిగేది 1, రక్తం ఎక్కించడం, యాంటీబయాటిక్స్ లాంటివి కావాల్సి వస్తే 2, గొట్టం వెయ్యాల్సి వచ్చినా మళ్లీ ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చినా 3, ఐసీయూకి చేరితే 4, ప్రాణం పోతే 5.

ఇక అసలు పోటీ, మందులా ఆపరేషనా. ఫిన్లాండ్‌లో 530 మందితో చేసిన ఆపాక్ అనే ట్రయల్ ఉంది. అందులో మందులు వాడినవాళ్లలో ఏడాదిలోపు 27 శాతం మందికి ఆపరేషన్ తప్పలేదు. ఐదేళ్లకు నొప్పి తిరగబెట్టినవాళ్లు 39 శాతం. అంటే పదిమందిలో ఆరుగురు గట్టెక్కారు. కాంప్లికేషన్లు చూస్తే ఐదేళ్లలో ఆపరేషన్ వైపు 24.4 శాతం, మందుల వైపు 6.5 శాతం. ఇది చూపించి మందులే మేలని వాదించేవాళ్లు చాలామంది, వాళ్లు చెప్పనిది ఏంటంటే అందులో దాదాపు అన్నీ కోత పెట్టి చేసిన పాతరకం ఆపరేషన్లు. కుట్ల చీము, కోత దగ్గర హెర్నియా, ఎంతకీ వదలని నొప్పి అన్నీ ఆ లెక్కలో చేరాయి. పైగా అపెండిక్స్‌లో రాయి ఉన్నవాళ్లని ఆ ట్రయల్‌లోకి తీసుకోనే లేదు.

ఆ రాయిని కూడా లెక్కలోకి తెచ్చింది అమెరికాలో జరిగిన కోడా ట్రయల్, 2020లో ఫలితాలు వచ్చాయి. 1552 మంది, ఆపరేషన్లలో 96 శాతం ల్యాపరోస్కోపీ. మందులవాళ్లకి మొదట కనీసం ఒక రోజు నరం ద్వారా ఇచ్చి, తర్వాత మాత్రలతో కలిపి పది రోజుల కోర్సు. 90 రోజులకు వాళ్లలో 29 శాతం ఆపరేషన్ టేబుల్ ఎక్కారు, ఏడాదికి 40 శాతం, మూడు నాలుగేళ్లకు సగానికి దగ్గర, 49 శాతం.

కాంప్లికేషన్లు ఎలా ఉన్నాయంటే, అందరినీ కలిపితే ప్రతి 100 మందికి మందుల వైపు 8.1, ఆపరేషన్ వైపు 3.5. చూడగానే మందులు ఓడిపోయాయనిపిస్తుంది. రాయి ఉన్నవాళ్లని విడదీస్తే వాళ్లలో మందుల వైపు 20.2, ఆపరేషన్ వైపు 3.6. రాయి లేనివాళ్లలో 3.7, 3.5, అంటే సమానమే. తేడా అంతా ఆ రాయిదే! ఇది కిడ్నీలో పుట్టే రాయి లాంటిది కాదు, మలం గట్టిపడి, దానిమీద ఖనిజ లవణాలు పేరుకుని, చిటికెన వేలంత కూడా లావులేని అపెండిక్స్ గొట్టంలో బిరడాలా ఇరుక్కునేది. మందులు సూక్ష్మజీవుల్ని చంపుతాయి గానీ బిరడాని తియ్యలేవు కదా.

కాబట్టి రాయి ఉంటే నా ఓటు ల్యాపరోస్కోపీకే, ఇందులో ఊగిసలాట లేదు. లేకపోతే అప్పుడు మనిషిని బట్టి. పూర్తి మత్తు ఇస్తే ప్రమాదమయ్యే గుండె జబ్బో ఊపిరితిత్తుల జబ్బో ఉన్నవాళ్లకి, పనికి ఎక్కువ రోజులు సెలవు పెట్టలేనివాళ్లకి మందులు మంచి దారే, కోడాలో మందులవాళ్లు సగటున 5.3 రోజులే పని మానేశారు, ఆపరేషన్‌వాళ్లు 8.7. వయసు నలభై దాటితే మాత్రం ఇంకోసారి ఆలోచించాలి, ఎందుకంటే తీసిన అపెండిక్స్ ల్యాబ్‌కి వెళ్తుంది, అరుదుగా అందులో కణితి బయటపడుతుంది, ఆ అవకాశం వయసుతో పెరుగుతుంది, మందులతో తగ్గించుకుంటే ఆ పరీక్షే జరగదు.

ఆస్పత్రికి దూరంగా నెలల తరబడి ఉండే ఉద్యోగమైతే మందుల మీద ఆధారపడొద్దనే అంటాను. 1961లో అంటార్కిటికా స్టేషన్‌లో ఉన్న సోవియట్ డాక్టర్ లియోనిద్ రోగోజోవ్ ముందు యాంటీబయాటిక్సే వాడి చూశాడు, తగ్గలేదు, అక్కడ ఇంకో డాక్టర్ లేడు, చివరికి తన కడుపు తనే కోసుకుని అపెండిక్స్ తీసుకున్నాడు. బతికాడు, రెండు వారాల్లో డ్యూటీలో చేరాడు. అయినా ఆ అవస్థ పగవాడికి కూడా వద్దు.

ఇంతాచేసి కోత ఆపరేషన్‌ని మరీ చిన్నచూపు చూడకండి. కెమెరాతో మొదలుపెట్టి, లోపలంతా అతుక్కుపోయి ఉంటే మధ్యలో కోతకి మారే సర్జన్ ఓడిపోయినట్టు కాదు, అక్కడ మొండిపట్టు పట్టి కొనసాగిస్తేనే నాకు భయం.

ఇదంతా రాస్తూ నా పాత స్కాన్ రిపోర్టు వెతికి తీశాను. మూడో లైనులో అపెండికోలిత్, 6 మిల్లీమీటర్లు అని ఉంది. రాయి! అప్పట్లో ఆ లైను నాకు ఎవరూ చదివి చెప్పలేదు, నేనూ అడగలేదు.