నా ఓటు పాత కాస్మోస్‌కే

ఆకాశం, గ్రహాలు అంటే మావాడికి పిచ్చి, ఏం చూపించమంటారు సార్ అని అడిగే తల్లిదండ్రులకు నేను చెప్పే పేరు ఒకటే. 1980లో అమెరికాలోని పీబీఎస్ టీవీ చానల్లో వచ్చిన ‘కాస్మోస్’. ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ చేసింది, 13 భాగాలు. నలభై ఏళ్లు దాటిన సీరీస్ ఇప్పటి పిల్లలకేం ఎక్కుతుందని పెదవి విరుస్తారు. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను, తొమ్మిదో తరగతికి ప్రొజెక్టర్ మీద వేసి చూపిస్తుంటాను. ఎక్కుతుంది. కాకపోతే అన్ని భాగాలూ కాదు.

మొదటి భాగంలో, నీడలతో భూమి చుట్టుకొలత తేల్చిన ప్రాచీన గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ ఘట్టం ఒక్కదాని కోసమైనా ఈ సీరీస్ చూడొచ్చు. సేగన్ చేతిలో ఈజిప్టు పటం ఉన్న అట్ట, దాని మీద నిలబెట్టిన రెండు చిన్న స్తంభాలు. అట్ట బల్లపరుపుగా ఉన్నంతసేపూ ఎండకు రెండిటి నీడా ఒకేలా ఉంటుంది. దాన్ని కాస్త వంచుతాడు. ఒకదానికి నీడ మాయం, రెండోదానికి ఉంది. అంతే, గ్రాఫిక్స్ ఏమీ లేవు. ఈజిప్టు దక్షిణాన ఉన్న సయీన్ ఊళ్లో మిట్టమధ్యాహ్నం నీడ లేనప్పుడు ఉత్తరాన అలెగ్జాండ్రియాలో ఉంది, కోణం తేడా సుమారు 7 డిగ్రీలు, అంటే వృత్తంలో 50వ వంతు. ఊళ్ల మధ్య దూరం 800 కిలోమీటర్లు. 50తో గుణిస్తే 40,000, భూమి చుట్టుకొలత. పిల్లలు నోటిలెక్కతోనే తేల్చేస్తారు.

సయీన్ కర్కటరేఖ దగ్గర ఉంది కాబట్టి అక్కడ నీడ మాయమయ్యేది ఏడాదికి ఒక్కసారే. మనం ఇంకా దక్షిణాన ఉన్నాం, మనకు రెండుసార్లు. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి. మేలో బడికి సెలవులు, ఆగస్టులో మబ్బు. అయినా గ్రౌండ్‌లో కర్ర పాతించి చూడాల్సిందే. ఎండ కాసిందా, ఆ రోజు నేను పాఠం చెప్పక్కర్లేదు.

ఎనిమిదో భాగంలో ఇటలీ కుర్రాడొకడు కాంతి వేగానికి దగ్గరగా స్కూటర్ మీద రౌండేసి వస్తాడు. వాడికి గడిచింది కొద్ది నిమిషాలే. ఈలోపు ఎదురుచూస్తున్న తమ్ముడు ముసలివాడైపోతాడు. మా క్లాసులో ఒకడు లేచి ‘మరి పెట్రోలు ఎంతవుద్ది సార్?’ అన్నాడు. నిజానికి మంచి ప్రశ్న. ఆ వేగానికి చేరేకొద్దీ ఎంత శక్తి పోసినా చాలదన్న సంగతి అక్కడి నుంచే ఎత్తుకున్నాను.

పదో భాగంలో సేగన్ పొంగల్ వేళ తమిళనాడు వస్తాడు. చోళుల కాలం నటరాజ విగ్రహాన్నీ చూపిస్తాడు. బ్రహ్మకు ఒక పగలూ రాత్రీ కలిపి 864 కోట్ల ఏళ్లంటారని, ఆధునిక శాస్త్రం చెప్పే కాలమానాలతో సరితూగేవి ఈ ఒక్క మతంలోనే ఉన్నాయని అంటాడు. నాకు వాట్సాప్‌లో తరచూ వచ్చే ఫార్వర్డ్ అక్కడితో ఆగిపోతుంది. కానీ ఆ పోలిక కాకతాళీయమేనని కూడా అదే వాక్యంలో అన్నాడు మహానుభావుడు.

లోపాలు లేకపోలేదు. విశ్వంలో తిరిగే ఊహా నౌకలో సేగన్ కూర్చుని చుక్కల్ని తదేకంగా చూస్తుండిపోయే షాట్లు మరీ సాగదీశారు. వాంగెలిస్ సంగీతం ఉండబట్టి సరిపోయింది గానీ, క్లాసులోనైతే అక్కడ ముందుకు జరిపేస్తాను. ప్రాచీన గణిత పండితురాలు హైపేషియా హత్యకూ అలెగ్జాండ్రియా గ్రంథాలయం అంతరించడానికీ ముడిపెట్టిన తీరును చరిత్రకారులు ఒప్పుకోరు. విశ్వం వయసు 1500 కోట్ల ఏళ్లని, దాన్ని ఒక్క ఏడాదికి కుదించి క్యాలెండర్ గీశారు, ఇప్పటి లెక్క 1380 కోట్లు. ప్లూటో అందులో ఇంకా గ్రహమే. ఇవి ముందే బోర్డు మీద రాసేస్తే గొడవ లేదు.

2014లో ఖగోళ శాస్త్రవేత్త నీల్ డిగ్రాస్ టైసన్‌తో వచ్చిన కొత్త ‘కాస్మోస్’ కన్నులపండువే. పిల్లలు నోళ్లు వెళ్లబెట్టి చూస్తారు. అయ్యాక ఏం అర్థమైందిరా అంటే ‘బాగుంది సార్’ అంటారు. ఒక సంగతి మనకెలా తెలిసిందో ఓపిగ్గా విప్పిచెప్పే తీరిక దానికి తక్కువ. సీసం లెక్కతో భూమి వయసు తేల్చిన క్లెయిర్ ప్యాటర్సన్ కథ ఉన్న భాగం మాత్రం వదలకండి.

సేగన్ మాట ఒత్తి ఒత్తి, నిదానంగా పలుకుతాడు. సబ్‌టైటిల్స్ పెట్టి, మధ్యలో ఆపి రెండు ముక్కలు తెలుగులో చెబితే తెలుగు మీడియం పిల్లలూ అందుకుంటారు. ఒకటి, ఎనిమిది చూపించాక వాళ్లే ఇంకోటి అడుగుతారు. చివరి భాగంలో అణుయుద్ధం ఉంది. చిన్నపిల్లలకు వద్దు, ఇంటర్ పిల్లలైతే కూర్చోబెట్టండి.