మైపాడు ఒడ్డున ఆరు ఆదివారాలు: తీర జీవుల గుర్తింపు శిక్షణ గురించి నా అనుభవం

పోయిన నవంబర్‌లో మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లాడు ఒకడు జామెట్రీ బాక్సులో ఒక వస్తువు పెట్టుకొచ్చాడు. కుండ మూతి విరిగి ఊడొస్తే ఎట్టా ఉంటుందో అట్టా ఉంది. ఇసుక రంగు, రెండు వేళ్ళ వెడల్పు, గుండ్రంగా తిరిగొచ్చి ఒకచోట తెగి ఉంది. "మైపాడులో దొరికింది టీచర్, ఇదేంది?" అన్నాడు. ప్లాస్టిక్ ముక్క అయ్యుంటుందిలే అన్నాను. "ప్లాస్టిక్ కాదు టీచర్, గిల్లితే ఇసుక రాలతా ఉంది" అన్నాడు. వాడు చెప్పిందే నిజం. పదహారేళ్ళుగా జీవశాస్త్రం చెబుతున్నాను, సముద్రానికి పాతిక కిలోమీటర్ల దూరంలో పుట్టి పెరిగాను, పిల్లాడు చేతిలో పెట్టిన దానికి పేరు చెప్పలేకపోయాను. నేను ఈ శిక్షణలో చేరింది ఆ ఒక్క ప్రశ్న కోసమే.

నెల్లూరులో రిటైరైన జువాలజీ లెక్చరర్ ఒకాయన తన ఇంటి మేడ మీద నడిపే కోర్సు ఇది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆరు ఆదివారాలు. పొద్దున్నే ఒడ్డు మీద, టిఫిన్ అయ్యాక మధ్యాహ్నం దాకా మేడ మీది ల్యాబులో. ఫీజు 4,500 రూపాయలు, టిఫిన్ అందులోనే. మేం 11 మందిమి: ఇద్దరు పీజీ పిల్లలు, రొయ్యల మేత కంపెనీలో పనిచేసే అబ్బాయి, మందుల షాపు ఆయన కూతురు, నాలాంటి టీచర్లు నలుగురు, ఇంకొందరు.

మొదటి రోజు పొద్దున ఐదున్నరకి మైపాడులో సార్ పెట్టిన నియమం ఒక్కటే. ఏది దొరికినా ముందు పేరు అడగొద్దు. కాళ్ళు లెక్కపెట్టాలి, బొమ్మ గీయాలి, ఎక్కడ దొరికిందో రాయాలి. అల వచ్చిపోయే చోటా, తడి ఇసుకా, పొడి ఇసుకా అన్నది కూడా రాయాల్సిందే. నాకు మొదట్లో విసుగొచ్చింది. అల వెనక్కి పోతున్నప్పుడు దోసిలితో ఇసుక తవ్వితే కోడిగుడ్డు ఆకారంలో, బూడిద రంగులో ఒక జీవి దొరికింది. చిన్న పీత అని రాసేశాను. "పట్టుకునే కొండి ఏది?" అన్నారు సార్. లేదు. మళ్ళీ ఇసుక మీద వదిలితే వెనక్కి వెనక్కి దిగి క్షణంలో మాయమైంది. ఎమెరిటా దాని పేరు. వెనక్కి పోయే అల నీటిలో ఈకల్లాంటి మీసాలు చాచి, వాటికి చిక్కిన దాన్ని తింటుంది. పీతలకన్నా, ఖాళీ గుల్లల్లో దూరి బతికే సన్యాసి పీతల కుటుంబాలకు దగ్గర చుట్టం. పేరు ముందే చెప్పి ఉంటే రాసుకుని పక్కన పెట్టేదాన్ని. కొండి కోసం వెతికాను కాబట్టి ఇక మర్చిపోను.

ఒక మాట ముందే చెప్పాలి. మనది ఇసుక తీరం. పాఠ్యపుస్తకాల్లో తీర జీవులంటే రాళ్ళ మధ్య నీటి గుంటలు, వాటిలో సముద్రపు పూలు, నక్షత్ర చేపలు. నెల్లూరు, ప్రకాశం తీరంలో అట్టాంటి రాతి ఒడ్డు కోసం తిరిగితే నిరాశే. ఇక్కడి జీవులు ఇసుక లోపల ఉంటాయి, లేదంటే ఉప్పుటేరుల బురదలో, లేదంటే మత్స్యకారుల వలలో. ఈ కోర్సుకి నేను ఎక్కువ మార్కులు వేసేది ఇందుకే, సార్ మనకున్న తీరాన్నే చదివించారు. కానీ చేతికిచ్చిన జిరాక్స్ కాగితాల్లోని గుర్తింపు పట్టిక మాత్రం ఎక్కడిదో రాతి తీరానిది, అదీ పూర్తిగా ఇంగ్లీషులో. మూడో వారానికి మేమందరం దాన్ని తీయడం మానేశాం. తెలుగులో, మన ఇసుక జీవులతో నాలుగు పేజీలు రాయించి ఇస్తే చాలు.

పీతల ఆదివారం గురించి కాస్త ఎక్కువే చెబుతాను. ఆ రోజు పొద్దున అలివి వల లాగుతున్నారు. ఒడ్డున రెండు వైపులా మనుషులు నిలబడి తాళ్ళు పట్టి గంటన్నర లాగారు, మేమూ ఒక చెయ్యి వేశాం. వల విప్పితే నెత్తళ్ళు, కవళ్ళు, చిన్న సావడాలు, ఒక టేకు చేప పిల్ల, వాటి మధ్యలో పీతలు. టేకు తోకకు ముల్లుందని అక్కడున్న ఒక పెద్దామె మమ్మల్ని చేత్తో వెనక్కి నెట్టింది. సార్ ఆమెను "అక్కా, ఇదేంటిది?" అని ఒక్కోదాన్నీ అడిగి ఆమె చెప్పిన పేరే మొదటి గడిలో రాయించారు, లాటిన్ పేరు రెండో గడిలో. అమ్మకానికి పనికిరాని పీతలను ఆమె మా బకెట్‌లో వేసింది. డబ్బులిస్తే తీసుకోలేదు. వచ్చే వారం మళ్ళీ రమ్మంది.

ల్యాబులో ఆ పీతలను ట్రేలో పరిచి, డిప్ప ముందంచున కన్ను పక్కన మొదలుపెట్టి చివరి ముల్లు దాకా పళ్ళు లెక్కపెట్టమన్నారు. తొమ్మిది వస్తే ఒక వైపు, ఆరు వస్తే ఒక వైపు. తొమ్మిదిలో చివరిది పొడవాటి ముల్లయితే పోర్చునస్. తొమ్మిదీ ఇంచుమించు సమానంగా ఉంటే సిల్లా, మనం మండ పీత అని కొనేది. ఆరైతే కారిబ్డిస్. వెనక కాలు తెడ్డులా ఉంటే ఈదే పీత. నడిచే కాళ్ళన్నీ తెడ్డుల్లా ఉంటే మటూటా, అది అలల కింద ఇసుకలో పూడుకుపోయేది. డిప్ప వెనక భాగంలో మూడు ముదురు చుక్కలు, చుట్టూ తెల్లంచు ఉన్నది పోర్చునస్ సాంగ్వినోలెంటస్, దాన్ని పిల్లలు కూడా ఒక్క చూపులో పట్టేస్తారు. నీలి పీత దగ్గర ఆగిపోయాను. డిగ్రీలో అది పోర్చునస్ పెలాజికస్ అని చదివాను. 2010లో ఆ ఒక్క పేరు కింద ఉన్నవి నిజానికి నాలుగు జాతులని తేల్చారట, బంగాళాఖాతంలోది ఇప్పుడు పోర్చునస్ రెటికులేటస్. మండ పీత కూడా అట్టే, 1998లో నాలుగైంది. నా నోట్సులో పాత పేర్లు కొట్టేసి కొత్తవి రాసుకుంటుంటే నాకు సంతోషమే వేసింది. మన మార్కెట్లో కుప్పపోసి అమ్మే పీత గురించి కూడా తెలుసుకోవాల్సింది ఇంకా మిగిలి ఉందన్నమాట.

ఒడ్డున పరిగెత్తే ఎర్ర పీత ఉంది కదా, ఓసిపోడె మాక్రోసెరా, దాని కన్ను మీద కొమ్ములా ఒక పొడవాటి మొన ఉంటుంది. పెద్ద కొండి అరచేతి లోపలి వైపు దువ్వెన పళ్ళలాంటి వరస ఉంటుంది, దాన్ని రుద్ది శబ్దం చేస్తుంది. ఆ వరస ఎట్టా ఉందన్న దాన్నిబట్టి దాని దగ్గరి జాతులను విడదీస్తారు. 10 రెట్ల చేతి లెన్సులో నేను దాన్ని మొదటిసారి చూసినప్పుడు పక్కనున్న అమ్మాయిని పిలిచి చూపించకుండా ఉండలేకపోయాను.

చేపల రోజు ఫర్వాలేదు. ఆరు గంటల్లో అన్ని చేపలు అయ్యే పని కాదు.

మూడో ఆదివారం నా ప్రశ్నకు జవాబు దొరికింది. ఒడ్డున ఒక ఇసుక మూతి కనబడింది, తడిగా, రబ్బరులా వంగుతూ. సార్‌కి చూపిస్తే ఆయన మొహం వెలిగింది. అది నాటిసిడే కుటుంబపు నత్త పెట్టిన గుడ్ల పట్టీ. ఆడ నత్త జిగురుతో ఇసుక రేణువులను అంటించి, మధ్యలో గుడ్లు పెట్టి, తన గుల్ల చుట్టూ తిప్పుతూ దీన్ని తయారుచేస్తుంది, అందుకే కుండ మూతి ఆకారం. చిన్న ముక్క మాత్రం తెంచి, మిగతాది దొరికిన చోటే నీళ్ళలో పెట్టించారు. మైక్రోస్కోపు కింద ఇసుక రేణువుల మధ్య చిన్న చిన్న గదులు, ఒక్కో గదిలో ఒక్కో చుక్క.

అదే నత్త వేటకత్తె కూడా. ఆల్చిప్ప గుల్లల్లో గుండ్రటి రంధ్రాలు చూసే ఉంటారు. స్క్రూ తల లోపలికి దిగడానికి వడ్రంగి పైన వెడల్పుగా, కింద సన్నగా తొలుస్తాడే, అట్టా ఉంటే ఈ నత్త పని. గోడలు నిటారుగా ఉంటే మ్యూరిసిడే అనే ఇంకో కుటుంబపు నత్తది. ఏ నత్తయినా ఆమ్లం వదులుతూ, నాలుక మీది పళ్ళతో గీకుతూ గంటల తరబడి తొలుస్తుంది. నా చిన్నప్పుడు మా అమ్మమ్మ మైపాడు నుంచి తెచ్చిన గుల్లలను దారానికి గుచ్చి దండ చేసి ఇచ్చేది. రంధ్రాలు ఆమె ఎట్టా వేసిందో అని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆమె వేయలేదు. రంధ్రాలున్నవి ఏరి తెచ్చింది. ఆ దండ ఇప్పటికీ మా బీరువాలో ఉంది, ఆ రోజు ఇంటికెళ్ళి లెన్సుతో చూశాను. దాదాపు అన్నీ వెడల్పు మూతి రంధ్రాలే.

ఐదో వారం చనిపోయిన తాబేలు ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టే కాలం కదా, ఇట్టాంటివి కనబడుతూనే ఉంటాయి. ముట్టుకోకుండా వీపు పక్క పలకలు లెక్కపెట్టమన్నారు. నాలుగు జతలైతే పచ్చ తాబేలు కావచ్చు, ఆరు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఆలివ్ రిడ్లీ. దీనికి ఒక పక్క ఆరు, ఇంకో పక్క ఏడు. ఫోటో తీసి అటవీ శాఖ వాళ్ళకు కబురు చేశారు. తాబేలు, సముద్రపు గుర్రం, సముద్ర దోసకాయ, పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయని, గుర్తింపు నేర్చుకునేవాళ్ళు ఏది ఇంటికి తేకూడదో ముందు నేర్చుకోవాలని ఆయన చెప్పిన పద్ధతి నాకు నచ్చింది.

ఇక లోపాలు. ల్యాబులో స్టీరియో మైక్రోస్కోపులు రెండే, వాటిలో ఒకదానికి దీపం వెలగదు. 11 మందికి అది చాలదు. సీసాల్లో నమూనాలు చెడకుండా పోసే ఫార్మలిన్ వాసనకు రెండో వారం నాకు కళ్ళు మండి నీళ్ళు కారాయి. గదికి ఎగ్జాస్ట్ ఫ్యాను లేదు, గ్లవ్స్ అడిగితేనే ఇచ్చారు. అడిగాక మూడో వారం నుంచి సీసాలు డాబా మీద ఆరుబయట తెరిచారు, అది మేలు. పాత సీసాల్లో సగానికి చీటీ మీద బాల్‌పెన్ అక్షరాలు పూర్తిగా వెలిసిపోయాయి. ఎక్కడ, ఎప్పుడు దొరికిందో తెలియని నమూనాతో పాఠం చెప్పడం ఎట్టా? పెన్సిల్‌తో రాసి చీటీని సీసా లోపలే వేయాలని ఆయనే మాకు చెప్పారు. ఇంకో సీసాలో గుల్లలు సుద్దలా మెత్తబడి ఉన్నాయి. బోరాక్స్ కలపని ఫార్మలిన్ పులిసి సున్నాన్ని తినేస్తుందని, గుల్లలకు 70 శాతం ఆల్కహాల్ మంచిదని చెప్పడానికి ఆ సీసా పనికొచ్చింది గానీ, దాన్ని ముందే మార్చి ఉండాల్సింది.

అసలు ఫిర్యాదు ఇంకోటి. తేదీలు ఆదివారాలను బట్టి పెట్టారు, ఆటుపోట్లను బట్టి కాదు. రెండు ఆదివారాలు అష్టమి దగ్గర పడ్డాయి, నీళ్ళు వెనక్కి పోయిందే తక్కువ, మేం తవ్విందీ తక్కువే. అమావాస్య, పౌర్ణమి దగ్గరి రోజులు చూసి ఆరులో నాలుగైనా పెడితే డబ్బుకు రెట్టింపు విలువ. ఈ మాట సార్‌కి నేరుగానే చెప్పాను, వచ్చే బ్యాచ్‌కి పంచాంగం చూసి పెడతామన్నారు.

ఐదుకు నాలుగు ఇస్తాను. చేరేవాళ్ళు సొంతంగా 10 రెట్ల లెన్సు కొనుక్కోండి, నాది నాలుగు వందలు. మెడకు తాడు కట్టుకోండి, లేకపోతే ఇసుకలో పోతుంది. చెప్పులు కాదు, తడిసినా ఫర్వాలేని బూట్లు. బొమ్మలు రావని భయపడొద్దు, కాళ్ళ లెక్క సరిగ్గా ఉంటే చాలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి మరపడవల చేపలు ఆ రోజుల్లో రావు, అందుకే సంక్రాంతి తర్వాతి బ్యాచే మేలు.

మార్చిలో ఆ పిల్లాడిని పిలిచి గుడ్ల పట్టీ ముక్కను బడి మైక్రోస్కోపులో చూపించాను. చాలాసేపు కన్ను తీయలేదు. "మరి నేను తెచ్చినదాంట్లో కూడా పిల్లలు ఉన్నాయా టీచర్?" అన్నాడు. ఎండిపోయింది కదా, అప్పటికే ఖాళీ అయ్యుండొచ్చని చెప్పాను. మరుసటి సోమవారం ఒక కవర్ నిండా ఆల్చిప్పలు తెచ్చి బల్ల మీద పోశాడు. 52 గుల్లలు, 19కి రంధ్రాలు. వెడల్పు మూతివి ఒక కుప్ప, నిటారువి ఒక కుప్ప, వాడే విడదీసి తెచ్చాడు. మూడో కుప్పలో రెండు గుల్లలున్నాయి, వాటికి రంధ్రం సగంలోనే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో సార్‌ని అడగమన్నాడు.